గ్రంథాలయంలో ఒక బల్ల అడుగుతున్నాం

తెలంగాణ గ్రంథాలయ పరిషత్ అధ్యక్షుల వారికి,


ఆస్తి పన్ను కట్టే ప్రతి ఇల్లూ దాంతోపాటు గ్రంథాలయ సెస్ కూడా కడుతోంది. రూపాయి పన్నుకు ఎనిమిది పైసలు. ఈ సెస్ 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టంతో వచ్చింది. ఆ ఎనిమిది పైసల చనువుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. అడిగేది చిన్నదే. మీర్‌పేట్, సరూర్‌నగర్, ఎల్బీనగర్ వైపు శాఖా గ్రంథాలయాల్లో వారానికి ఒకరోజు రెండు గంటల పాటు, కుట్లు అల్లికలు చేసుకునేవాళ్లకూ చిన్న చిన్న బొమ్మలు వేసుకునేవాళ్లకూ ఒక పొడవాటి బల్ల, కూర్చోడానికి బెంచీలు, మంచి వెలుతురు ఇప్పించండి. నేర్పే మాస్టారు అక్కర్లేదు. సర్టిఫికెట్ అక్కర్లేదు. బహుమతులు అసలే వద్దు.

పుస్తకాల గదికీ క్రోషా సూదికీ ఏం సంబంధం అని మీకు అనిపించవచ్చు. అది చెప్పే ముందు మా పేట సంగతి కొంచెం చెప్పాలి.

మీర్‌పేట్ 2019లో మున్సిపల్ కార్పొరేషన్ అయింది. దానికి ముందు చాలాకాలం పంచాయతీయే. చెరువుల చుట్టూ, పొలాల మీదా కాలనీ పక్కన కాలనీ లేచింది. నల్గొండ, మహబూబ్‌నగర్, ఖమ్మం నుంచి వచ్చినవాళ్లం, విజయవాడ రోడ్డు పట్టుకుని కోస్తా నుంచి వచ్చినవాళ్లం ఇక్కడ ప్లాట్లు కొనుక్కుని ఇళ్లు కట్టుకున్నాం. దిల్‌సుఖ్‌నగర్ వెళ్తే కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, బట్టల షాపులు. ఎల్బీనగర్ వెళ్తే మెట్రో, బస్సులు, ఆస్పత్రులు. ప్రతి గదికీ అద్దె ఉంది, ప్రతి గంటకూ ఫీజు ఉంది. ఫంక్షన్ హాళ్లు ఎన్ని కావాలన్నా చూపిస్తాం. డబ్బు కట్టకుండా, ఏమీ కొనకుండా, పరీక్షకు చదవకుండా, పూజకో పెళ్లికో కాకుండా నలుగురు ఊరికే కూర్చోగల గది ఒకటి చూపించమంటే మాత్రం తెల్లమొహం వేస్తాం. అలాంటి గదికి మా వైపు మిగిలిన ఆశ గ్రంథాలయం ఒక్కటే.

అలా కూర్చోవాల్సినవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. రంగు రంగుల ప్లాస్టిక్ వైరు తెచ్చి కూరగాయల బుట్టలు అల్లిన తరం ఇంకా మా మధ్యే ఉంది. గుమ్మానికి ఊలు తోరణం, టీవీ మీద క్రోషా గుడ్డ, గోడకు రెండు చిలకలతో దారపు ‘వెల్‌కమ్’ వాళ్ల చేతిపనే. వారపత్రికల్లో వచ్చిన అల్లికల పేజీలు కత్తిరించి, ట్రంకు పెట్టెల్లో పాత చీరల కింద దాచుకున్నదీ వాళ్లే. ఆ తర్వాతి తరం చీరల మీద ఫాబ్రిక్ పెయింటింగ్, నిబ్ పెయింటింగ్ చేసింది, అద్దాల మీద రంగులద్దింది. ఇప్పటి పిల్లలు యూట్యూబ్ చూసి మాక్రమే ముళ్లతో కుండీలు వేలాడదీస్తున్నారు, ఊలుతో అరచేతిలో పట్టే ఏనుగులు, తాబేళ్లు చేస్తున్నారు, పోస్ట్‌కార్డంత కాన్వాసు మీద చుక్కలతో మండలాలు వేస్తున్నారు.

మా గల్లీ సంగతే తీసుకోండి. ఒక ఇంట్లో పోచంపల్లి వైపు నుంచి వచ్చిన పద్మశాలి తాతగారు ఉన్నారు. చిటికి కట్టడం, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి అద్దకానికి దించడం, ఆయన వేళ్లకు నోటి లెక్కంత సులువు. నాలుగిళ్ల అవతల గోదావరి జిల్లా నుంచి వచ్చిన అమ్మ ఉన్నారు. ఆమెకు లేసు అల్లిక చిన్ననాటి పని. పై అంతస్తులో ఇంటర్ చదివే అమ్మాయి రాత్రిపూట వాటర్ కలర్స్ వేస్తుంది. ముగ్గురూ ఒకే కిరాణా కొట్టుకు వెళ్తారు. ఒకరి చేతిలో ఏ విద్య ఉందో మరొకరికి తెలియదు.

ఇలాంటి పని ఒంటరిగా నేర్చుకోవడం కష్టం. క్రోషాలో గుండ్రటి పళ్లెం గుడ్డ అల్లాలంటే, మామూలు పొట్టి కుట్టుతో చుట్టుకు ఆరు కుట్ల చొప్పున పెంచుకుంటూ పోవాలి. తక్కువ పెంచితే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది, ఎక్కువ పెంచితే అంచంతా కుచ్చిళ్లు పడుతుంది. ఫోనులో వీడియో అరగంట వెనక్కీ ముందుకీ తిప్పినా కొత్తవాళ్లకు లెక్క ఎక్కడ తప్పిందో దొరకదు. పక్కన కూర్చున్న అనుభవజ్ఞురాలు ఒక్కసారి చూసి, “మూడో వరసలో రెండు కుట్లు మింగేశావమ్మా, అక్కడిదాకా విప్పు” అంటుంది. బొమ్మలోనూ అంతే. తడి కాగితం మీద రంగు ఎంతసేపటికి ఆగుతుందో, రెండో పూత ఎప్పుడు వేయాలో పక్కవారి కుంచె చూస్తేనే అర్థమవుతుంది. అందుకే అడుగుతున్నది బల్ల.

“అయితే ఇది మహిళల ఉపాధి శిక్షణ కదా, దానికి వేరే శాఖలున్నాయి” అని మీ కార్యాలయంలో ఎవరైనా అనవచ్చు. ఆ ఫైలు ఆ శాఖకు పోకూడదనే ఈ ఉత్తరం ఇంత పొడుగైంది. మన ప్రభుత్వాలకు, ఆ మాటకొస్తే మన ఇళ్లలోవాళ్లకు కూడా, ఆడవాళ్ల చేతిలో సూది కనిపిస్తే రెండే ఆలోచనలు వస్తాయి. ఒకటి, “అమ్ముకోవచ్చు కదా, నాలుగు డబ్బులొస్తాయి”. రెండోది, “ఏదో కాలక్షేపం, పోనీలే”. ఈ రెండూ కలిసిపోయిన చోట ఏం జరుగుతుందో మన తెలుగు నేల మీదే రుజువుంది.

పశ్చిమ గోదావరిలో నర్సాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లిక పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలతో వచ్చింది. ఇంటి అరుగు మీద కూర్చుని ఆడవాళ్లు అల్లిన లేసు దేశాలు దాటి వెళ్లింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ అక్కడ ఉండి, వాళ్లతో మాట్లాడి, 1982లో ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం రాశారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లే ఆడవాళ్లను ఎగుమతిదారులూ అధికారులూ కార్మికులుగా లెక్కపెట్టడం లేదని ఆమె చూపించారు. “ఇంట్లో ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని” అనడంతో కనీస కూలి అడిగే దారే మూసుకుపోయింది. ఒకామె పువ్వులు మాత్రమే అల్లుతుంది, ఇంకొకామె అతుకుపని మాత్రమే చేస్తుంది, పూర్తయిన గుడ్డ ఎక్కడికి పోయిందో, ఎంతకు అమ్ముడయిందో ఇద్దరికీ తెలియదు. 2024లో నర్సాపురం క్రోషా లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. కానీ దశాబ్దాల పాటు ఆ పనిని ‘తీరిక’ అని పిలిచిన లెక్క మాత్రం ఇంకా ఎవరూ సరిచేయలేదు.

తెలంగాణలోనే దొరికే ఇంకో ఉదాహరణ చింతకింది మల్లేశం గారిది. పోచంపల్లి తరహా చీర మగ్గం ఎక్కేముందు ఆసు పోయాలి. మేకుల వరస మీదుగా దారాన్ని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు దాదాపు 9 వేల సార్లు చెయ్యి అలా తిరగాలి. అమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం చేశారు, దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. చేతిపని మనసుకు హాయినిస్తుందని ఉపన్యాసాలిచ్చేవాళ్లు ఆ భుజాన్ని కూడా తలుచుకోవాలి.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఒకటే. చేతిపని విశ్రాంతి అయ్యేది దాన్ని ఎప్పుడంటే అప్పుడు ఆపేయగలిగినవాళ్లకే. లేసు అల్లే ఆమెకు ఆ స్వేచ్ఛ లేదు, ఎందుకంటే మర్నాడు ఏజెంటు వస్తాడు. ఆసు పోసే అమ్మకూ లేదు, మగ్గం ఎదురు చూస్తుంటుంది. కాబట్టి కూలి పనిని సరదా అనడం అన్యాయం. సరదాను కూలి పని చేయడమూ నష్టమే. రెండు తోరణాలు అల్లిన పిల్లను “ఇన్‌స్టాలో పెట్టి అమ్ము” అని వెంటపడితే, ఆర్డర్లు, కొరియర్లు, బేరాల మధ్య మూడో తోరణం నాటికి సూదే పక్కన పడేస్తుంది. మేము అడిగే బల్ల దగ్గర సగంలో ఆపేసి వెళ్లిపోయే హక్కు ఉండాలి. పని పాడైనా అడిగేవాడు ఉండకూడదు.

ఇక ఆరోగ్యం మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో కళలకూ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 900కు పైగా ప్రచురణలను సమీక్షించి, కళలు మేలు చేస్తాయనే చెప్పింది. 2013లో వెలువడిన ఒక సర్వేలో వివిధ దేశాల ఊలు అల్లికదారులు 3,545 మంది జవాబిచ్చారు. ఎక్కువసార్లు అల్లేవాళ్లు ఎక్కువ ప్రశాంతంగా ఉంటున్నామని చెప్పుకున్నారు. జవాబిచ్చినవాళ్లంతా అల్లిక ఇష్టమైనవాళ్లే కదా, దాన్ని మందు చీటీలా చదవక్కర్లేదు. అల్లిక వల్ల బీపీ తగ్గుతుందని మీకు హామీ ఇవ్వబోవడం లేదు. ఉద్యోగ విరమణ చేసి, పిల్లలు ఊళ్లు దాటిపోయి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా టీవీ సీరియళ్ల పునఃప్రసారాలతో గడిపేవాళ్లు మా కాలనీల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు వారంలో ఒక మధ్యాహ్నం బయటికి వెళ్లడానికి కారణం దొరుకుతుంది. అంతవరకు చాలు.

ఇందులో ఊరికి దక్కే లాభం ఇంకోటి ఉంది. స్వెట్టర్లు అల్లే యంత్రాలు ఎప్పుడో వచ్చాయి. క్రోషాను పోలిన లేసు కూడా యంత్రం మీద వస్తోంది. అసలైన క్రోషా మాత్రం నేటికీ చేత్తోనే అల్లాలి. అంటే దిల్‌సుఖ్‌నగర్ షాపులో నిజమైన క్రోషా జాకెట్టు కారుచౌకగా కనిపిస్తే, ఎక్కడో ఒకరికి దక్కాల్సిన కూలి అందులో తగ్గిందని లెక్క. సాయంత్రమంతా కూర్చుని జానెడు గుడ్డ అల్లిన మనిషికి ఈ సంగతి ఎవరూ వివరించనక్కర్లేదు. కొయ్యలగూడెం దుప్పటి దగ్గరా, పుట్టపాక తేలియా రుమాలు దగ్గరా ఆ మనిషి బేరం ఆడే తీరు మారుతుంది. చేనేతను ఆదుకోండి అని ఏటా ఆగస్టు 7న పెట్టే బ్యానర్ల కంటే ఈ బల్ల మంచి కొనుగోలుదారులను తయారు చేస్తుందని నా నమ్మకం.

బొమ్మల విషయానికి వస్తే మనకు చేర్యాల పటాల కళ ఉంది. నకాషీ కళాకారులు ఖాదీ గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి ఆరబెట్టి, దాని మీద ఎర్రటి నేపథ్యంలో పురాణాలు గీసేవారు. ఆ పటాలు మీటర్ల కొద్దీ ఉండేవి. కులానికో పురాణం, పురాణానికో కథకుల బృందం. పద్మశాలీలకు వాళ్ల మూలపురుషుల కథను కూనపులివాళ్లు ఊరూరా తిరిగి పటం విప్పి చెప్పేవాళ్లు. నేసేవాళ్ల కథను గుడ్డ మీద గీసి నేసేవాళ్లకే వినిపించిన సంప్రదాయం అది. వినేవాళ్లు తగ్గాక పటం కురచబడింది. ఇప్పుడు చేర్యాల కళాకారులు చిన్న ఫ్రేములు, కొబ్బరి చిప్పల మీద ముఖాలు, తాళపు చెవుల బిళ్లలు కూడా చేస్తున్నారు. చిన్న బొమ్మలకు గోడ మీద రెండు జానల చోటు చాలు. రెండు పడకగదుల ఫ్లాట్లలో ఉండేవాళ్లకు అంతకంటే పెద్ద బొమ్మతో పనీ లేదు. మా పిల్లలు కాగితం మీద కాకుండా ఒక్కసారి గుడ్డకు గంజీ సుద్దా పూసి, ఆరాక కుంచె పెట్టి చూస్తే, మ్యూజియంలో చేర్యాల పటం ముందు రెండు నిమిషాలు ఎక్కువే నిలబడతారు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకు వస్తాను. ఇదంతా గ్రంథాలయంలోనే ఎందుకు? మన గ్రంథాలయాలు ఎన్నడూ బీరువాలకు పరిమితమైనవి కావు కాబట్టి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టినప్పుడు అది తెలుగు మాట్లాడే మనుషులు కలుసుకునే చోటు కూడా. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువల మీద పడవలో పుస్తకాలు పంపారు. పాఠకులు రాలేకపోతే పుస్తకమే బయలుదేరింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీలో 2018లో తెరిచిన ఓడి గ్రంథాలయంలో పుస్తకాలతో పాటు కుట్టు మిషన్లు కూడా జనం వాడుకోడానికి పెట్టారు. అంత దూరం పోనక్కర్లేదు. ఏటా నవంబరు 14 నుంచి 20 దాకా జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మీరే ముగ్గుల పోటీలు, చిత్రలేఖనం పోటీలు పెడుతున్నారు. అంటే చేతిపనికి గ్రంథాలయం గడప దాటే అనుమతి ఇప్పటికే ఉంది. వారం రోజులు, అదీ పోటీ రూపంలో. ముగ్గురికి బహుమతి ఇచ్చి, మిగతా వందమందిని ఇంటికి పంపేస్తున్నాం. మేము అడిగేది ఆ వందమంది కోసం.

అభ్యంతరాలు నాకూ తెలుసు. గ్రంథాలయాల్లో ఇప్పుడు కూర్చునేది ఎక్కువగా గ్రూప్స్, పోలీసు, టీచరు పోస్టులకు చదివే పిల్లలు. ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో ఊపిరాడక అక్కడికి వస్తారు. వాళ్ల నిశ్శబ్దాన్ని మేం చెడగొడితే పాపం. కానీ చాలా శాఖా గ్రంథాలయాలు పొద్దునా సాయంత్రమూ తెరిచి, మధ్యాహ్నం మూసి ఉంటాయి. అలా మూసి ఉన్న వేళలోనే మాకు రెండు గంటలు ఇవ్వండి. మధ్యాహ్నం విరామం లేని చోట వేరే గదో వరండానో ఉంటేనే ఇవ్వండి, లేకపోతే వద్దు. సిబ్బంది మీద అదనపు భారం అనేది నిజమైన అభ్యంతరం. దానికి జవాబు వాళ్లను బతిమాలడం కాదు. ఆ రెండు గంటలకు సెస్ నిధి నుంచి అదనపు భత్యం ఇవ్వడం. తాళం, ఊడ్పు, హాజరు పుస్తకం చూసుకోడానికి ఇద్దరు కాలనీవాసులను బాధ్యులుగా రాయించుకోండి.

“ఆడవాళ్ల ముచ్చట్ల కార్యక్రమం అవుతుంది” అని ఎవరో ఒకరు అంటారు. కొంత అవుతుంది. ముచ్చట లేకుండా అల్లిక సాగదు. కానీ బల్ల మీద ఆడవాళ్లకు మాత్రమే అని బోర్డు పెట్టకండి. మగ్గం మీద కూర్చున్నదీ, పటాలు గీసిందీ మన దగ్గర ఎక్కువగా మగవాళ్లే. పదవీ విరమణ చేసిన కండక్టర్‌కూ, డిగ్రీ చదివే అబ్బాయికీ వేళ్లున్నాయి. ఇంట్లో సిగ్గుపడి సూది పట్టనివాళ్లు ఇక్కడ పడతారు.

ఖర్చు లెక్క కూడా చెప్తాను. క్రోషాకు ఒక సూది, ఒక ఉండ దారం. బొమ్మకు రెండు కుంచెలు, ఒక రంగుల పెట్టె, దళసరి కాగితం. ఇవి పది మందికి సరిపడా ఒక చెక్కపెట్టెలో పెట్టి, పుస్తకం ఇచ్చినట్టే సభ్యత్వ కార్డు మీద ఇవ్వండి, తిరిగి తీసుకోండి. అరిగిపోయేవి మేం కొనుక్కుంటాం. పెట్టె పక్కన రూళ్ల నోటుపుస్తకం ఒకటి ఉంచండి. గోదావరి అమ్మ అల్లే పువ్వు ఎన్ని గొలుసు కుట్లతో మొదలవుతుందో, తాతగారు చిటికి లెక్క ఎలా వేస్తారో వచ్చినవాళ్లు అందులో తెలుగులో రాస్తారు, బొమ్మ గీస్తారు. ఇవి ఇంతవరకు నోటి మాటగా ఉన్నవే ఎక్కువ. ఏడాది తిరిగేసరికి ఏ ప్రచురణ సంస్థా వేయని పుస్తకం ఒకటి మీ బీరువాలో ఉంటుంది. గ్రంథాలయానికి చేతిపనితో ఏం సంబంధం అంటే, నా దృష్టిలో ఇదే గట్టి జవాబు.

మూడు నెలలకొకసారి ఆ పనితోనే బతికేవాళ్లను పిలవండి. చేర్యాల నుంచి ఒక నకాషీ కళాకారుడిని, కొయ్యలగూడెం నుంచి ఒక నేతన్నను, ఇబ్రహీంపట్నం, మహేశ్వరం వైపు తండాల నుంచి అద్దాల కుట్టు తెలిసిన ఒక లంబాడీ అక్కను. వాళ్లు మా పక్కన కూర్చుని వాళ్ల పని వాళ్లు చేసుకుంటే చాలు, మేం చూస్తాం, అడుగుతాం. శాలువా కప్పి, ఫొటో తీసి పంపించకండి. ఆ రోజు పని మానుకుని వచ్చినందుకు పూర్తి కూలి, దారి ఖర్చులు ఇవ్వండి. సరదాగా చేసేవాళ్లకు చోటు ఉచితం, పనిగా చేసేవాళ్లకు డబ్బు తప్పనిసరి. ఈ తేడా ఆ గదిలో అందరి కళ్ల ముందూ ఉండాలి.

నియమాలు మూడే చాలు. బల్ల దగ్గర అమ్మకం ఉండదు, పోటీ ఉండదు, హాజరు తప్పితే సంజాయిషీ ఉండదు.

ఒకేసారి రాష్ట్రమంతా మొదలు పెట్టమనడం లేదు. మా వైపు ఒక్క శాఖతో ఆరు నెలలు చూడండి. ఎంతమంది వచ్చారు, ఎంతమంది రెండోసారి వచ్చారు, వాళ్లలో ఎంతమంది పుస్తకం కార్డు తీసుకున్నారు అన్న మూడు అంకెలు రాసి పెడితే నడపాలో ఆపాలో మీకే తెలుస్తుంది. మూడో అంకె బాగుంటుందని నా అంచనా. చేతికి పని దొరికిన మనిషి పక్కనున్న బీరువా వైపు ఎలాగూ చూస్తుంది. అంచనా తప్పితే బల్ల తీసేయండి, మళ్లీ ఉత్తరం రాయను.

రాబోయే వారోత్సవాల ఏర్పాట్ల సమావేశంలో ఈ విషయం ఎజెండాలో చేర్చి, ఏ శాఖలో, ఏ వారం, ఏ వేళకు వీలవుతుందో ప్రకటించమని కోరుతున్నాను. బాధ్యులుగా పేర్లు ఇవ్వడానికి మా కాలనీలో మనుషులు సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
గ్రంథాలయ సెస్ కడుతున్న
మీర్‌పేట్ పాఠకురాలు